కోలారు సీమలో నీహారికా పరిశీలనము : కోణమానము కొలిచిన చరిత్ర

ఊరిగాం అనగానే మనవారికి స్ఫురించునది భూగర్భము. చాంపియన్ రీఫ్, నందిదుర్గ, మైసూరు గనుల లోతులను అడుగులలో లెక్కించుకొనుచు తెలుగు, తమిళ, కన్నడ కుటుంబము లెన్నియో తరతరములుగా ఇచట జీవించినవి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడునాటికి ఈ గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగియుండెను. క్రిందికి కొలుచుటయందు ఈ జిల్లాకు గల ఖ్యాతి లోకవిదితము. కాని పైకి కొలుచుటయందును ఈ జిల్లా గణనీయమైన కృషి చేసినదను సంగతి మనలో పలువురెరుగరు. జిల్లాకు ఆగ్నేయపు కొనను ఊరిగాం గనులుండగా, వాయవ్యపు కొనను, ఉత్తర పినాకిని యొడ్డున, గౌరీబిదనూరు కలదు. 2007లో చిక్కబళ్లాపురము ప్రత్యేక జిల్లా యగువరకు అది కోలారు జిల్లాలోనిదే. అచటి రేడియో దూరదర్శినితో నీహారికల విస్తృతిని కొలిచిన తీరును, ఆ కొలతకు వెనుకనున్న పూర్వచరిత్రను సంగ్రహముగా నివేదించుటయే ఈ వ్యాసోద్దేశము.

నీహారిక యను పేరు

నీహారమనగా మంచు. లాటిను భాషలోని 'నెబ్యులా' అను పదమునకును పొగమంచనియే అర్థము. రెండు నాగరకతలును ఒకే దృశ్యమునకు ఒకే ఉపమానమును ఎన్నుకొన్నవి. చుక్కవలె సూదిమొనగా గాక, మసకగా, పరచుకొన్నట్లు కనిపించు ప్రతిదానిని పూర్వు లీ పేరితోనే పిలిచిరి. పుష్య నక్షత్రము చెంతనున్న తెల్లని మసక, మృగశిరకు దిగువగా వ్రేలాడు మూడు చుక్కలలో నడిమిదాని చుట్టునున్న వెలుగు, దేవయాని మండలములోని పొడవాటి మరక – ఇవన్నియు కంటికి ఒక్క జాతివిగానే తోచును. దేవయానిలోని మరకను పారసీక జ్యోతిష్కుడు అల్ సూఫీ క్రీ.శ. 964లో తన గ్రంథమున 'చిన్న మేఘ'మని పేర్కొనెను.

యూరపులో వీని నొక క్రమమున పట్టిక వేసినవాడు షార్ల్ మెస్యే అను ఫ్రెంచి జ్యోతిష్కుడు. ఆయన వెదకినది తోకచుక్కలను. నీహారికలు ఆయన కడ్డువచ్చినవి. 1758లో వృషభరాశిలో ఒక మసకను చూచి తోకచుక్కయని భ్రమించి, అది కదలకుండుట గమనించి, ఇట్టి భ్రమ మరల కలుగకుండుటకై జాబితా నారంభించెను. 1781 నాటికి అది 103 వస్తువులకు పెరిగెను. ఆ మొదటి వస్తువే నేడు 'పీత నీహారిక' యని ప్రసిద్ధి కెక్కిన ఎండ్రకాయ నీహారిక. 1054లో చీనా దేశీయులు చూచిన నూతన నక్షత్రముయొక్క అవశేషము. అడ్డమని తలచి వ్రాసి పెట్టుకొన్న జాబితాయే తరువాతి వారికి నిధియైనది.

అసువు – కళ

ఆకాశములో ఒక వస్తువు ఎంత పెద్దదిగా కనిపించుచున్నదని చెప్పుటకు మూరలు, గజములు పనికిరావు. చంద్రబింబము 'పళ్లెమంత' యని ఒకరు, 'రూపాయంత' యని మరియొకరు చెప్పుదురు. ఇద్దరును సత్యమే చెప్పుచున్నారు, ఇద్దరి మాటయు కొలత కాదు. కంటికడ ఆ వస్తువు చేయు కోణమే కొలత. పూర్ణవృత్తము 360 డిగ్రీలు. డిగ్రీకి 60 కళలు. కళకు 60 వికళలు. చంద్రబింబము అర డిగ్రీ, అనగా సుమారు 30 కళలు. చేయి చాచి పట్టిన చిటికెనవ్రేలి వెడల్పు దాదాపు ఒక డిగ్రీ. పిడికిలి పది డిగ్రీలు. వ్రేలు పట్టి చూచినచో నిండుచంద్రుడు సగము వ్రేలి చాటున దాగిపోవుట ఎవరైనను పరీక్షింపవచ్చును.

ఈ కోణమును సూక్ష్మముగా కొలుచుటకు మిక్కిలి సులువైన సాధనము మన పాదముల క్రిందనే ఉన్నది. భూమి తిరుగుచున్నది. దూరదర్శినిని కదలకుండ నిలిపినచో ఆకాశమే దాని యెదుట సాగిపోవును. వస్తువుయొక్క ముందంచు నడిమి తీగను తాకిన క్షణమునుండి వెనుకంచు దాటిన క్షణమువరకు ఎంత కాలము పట్టినదో లెక్కించిన చాలును. ఆకాశ విషువద్రేఖమీద నిమిషమునకు 15 కళలు, నాలుగు సెకనులకు ఒక కళ జరుగును.

ఇచట మన ప్రాచీన కాలమానముయొక్క సొగసు గమనింపదగినది. సిద్ధాంత గ్రంథములలో ఆరు అసువులు ఒక విఘటిక, అరువది విఘటికలు ఒక ఘటిక, అరువది ఘటికలు ఒక నాక్షత్ర దినము. అనగా దినమునకు 21,600 అసువులు. వృత్తమునందలి కళలును 21,600. ఒక అసువు, అనగా ఆరోగ్యవంతుడు ఒక్కమారు ఊపిరి పీల్చి విడుచు కాలము, నాలుగు సెకనులు. ఆ ఊపిరిలో ఆకాశము ఒక కళ జరుగును. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములో భూమి ఒక ప్రాణకాలమున ఒక కళ తిరుగునని ఆర్యభటుడు చెప్పియున్నాడు. కాలమానమును కోణమానమును ఇట్లు జంటగా కూర్చిన వ్యవస్థలో గుణకారము అక్కరలేదు. ఊపిరులు లెక్కించినచో కళలు లెక్కించినట్లే. మృగశిర క్రిందనున్న మహానీహారిక విషువద్రేఖకు చేరువనే ఉన్నది. దాని విస్తృతి సుమారు ఒక డిగ్రీ గనుక, ఒక స్థిరస్థానమును దాటుటకు నాలుగు నిమిషములు, అనగా పది విఘటికలు, అరువది అసువులు పట్టును.

విషువద్రేఖనుండి ఉత్తరమునకో దక్షిణమునకో తొలగిన కొలది ఆకాశపు నడక మందగించును. అట్టివాని విషయమున క్రాంతియొక్క కోజ్యతో సవరణ చేయవలెను. ఇంతకు మించిన గణితము ఈ పద్ధతిలో లేదు.

అంచు ఎక్కడ?

కొలత సులభమైనను కొలువవలసినది ఎక్కడ ముగియుచున్నదో తెలియుటయే నీహారికల విషయమున పెద్ద చిక్కు. చంద్రునకు గట్టి అంచున్నది, మంచునకు అంచేది? దేవయాని మరకను కంటితో చూచువాడు చంద్రబింబముకంటె చిన్నదనుకొనును. దీర్ఘకాలము తెరచియుంచిన ఛాయాచిత్ర ఫలకముపై అదియే మూడు డిగ్రీలు, అనగా ఆరు చంద్రబింబముల పొడవు, సాగును. కన్ను అబద్ధమాడలేదు, ఫలకమును అబద్ధమాడలేదు. ఎవరికి ఎంత మసకవరకు చూపు ఆనునో అంతవరకు వారు చూచిరి. అందుచేత నేటి శాస్త్రజ్ఞులు ఒక నిర్ణీత ప్రకాశమానమును ముందుగా అంగీకరించి, వెలుగు ఆ మట్టమునకు దిగిన గీతనే అంచుగా భావింతురు. అంచు ప్రకృతిదత్తము కాదు. అది పరిశీలకుల నడుమ ఒక ఒడంబడిక.

రెండవ చిక్కు దూరము. కోణము తెలిసినంత మాత్రమున నిజమైన పరిమాణము తెలియదు. హంస మండలములోని 'తెర నీహారిక' మొత్తముగా మూడు డిగ్రీల విస్తృతి గలది. దేవయాని నీహారికయు మూడు డిగ్రీలే. వ్రేళ్లతో కొలుచువానికి రెండును సమానములు. కాని మొదటిది సుమారు 2,400 కాంతి సంవత్సరముల దూరమున, 125 కాంతి సంవత్సరముల వెడల్పున పేలిన నక్షత్రపు శిథిలము. రెండవది 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున, లక్షకు మించిన కాంతి సంవత్సరముల వెడల్పున, మన పాలపుంతవంటి మరియొక నక్షత్ర ప్రపంచము. 1923లో ఎడ్విన్ హబుల్ దేవయానిలో ఒక చరకాంతి నక్షత్రమును గుర్తించి దాని దూరము లెక్కించువరకు ఈ భేదము నిస్సంశయముగా స్థిరపడలేదు.

తెలుగునాట పూర్వకృషి

ఈ విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. మద్రాసు నక్షత్రశాలాధికారి టేలరు వద్ద శిక్షణ పొందిన గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున సొంత నక్షత్రశాలను నెలకొల్పెను. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితము వెంకట నరసింగరావు దానిని నిలిపి, 1874 నాటి శుక్రగ్రహ సంక్రమణమును పరిశీలించెను. హైదరాబాదులో నవాబు జఫర్ జంగు 1901లో 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి నిజామియా నక్షత్రశాలకు బీజము వేసెను; 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించెను. 'ఆకాశ పటము' అను అంతర్జాతీయ ప్రణాళికలో విషువద్రేఖకు 17 మొదలు 23 డిగ్రీల దక్షిణపు పట్టీని ఛాయాచిత్రములు తీసి కొలుచు బాధ్యత హైదరాబాదునకు లభించెను. ఏడున్నర లక్షలకు మించిన నక్షత్రముల స్థానములు ఆ కృషివలన ముద్రితమైనవి.

ఈ ప్రణాళికకు విధించిన మానము చిత్రమైనది: ఫలకముమీద ఒక మిల్లీమీటరు ఆకాశమున ఒక కళ. మన పూర్వులు ఒక ఊపిరికి ఒక కళ యని కాలమున కొలిచినదానిని, ఇరువదవ శతాబ్దివారు గాజుపలకమీద మిల్లీమీటరుగా నిలిపిరి. హైదరాబాదు పట్టీకి దక్షిణపుటంచుననే ధనూరాశిలోని త్రిఖండ నీహారిక కలదు. దీర్ఘకాల ఛాయాచిత్రమున ఈ మానము ప్రకారము అది సుమారు 28 మిల్లీమీటర్లు, అనగా దాదాపు చంద్రబింబమంత, ఆక్రమించును.

గౌరీబిదనూరు దూరదర్శిని

ఇక మన జిల్లా సంగతి. 1976 ప్రాంతమున బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థయు రామన్ పరిశోధన సంస్థయు కలసి గౌరీబిదనూరు చెంత ఒక రేడియో దూరదర్శినిని నిర్మించెను. దీనికి అద్దము లేదు, గొట్టము లేదు. స్తంభములమీద కట్టిన వేయి 'డైపోల్' తీగలే దాని కన్ను. వానిలో 640 తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల బారున, 360 దక్షిణముగా 0.45 కిలోమీటరు బారున, ఆంగ్లాక్షరము 'టీ' ఆకారమున అమర్చబడెను. అది గ్రహించు తరంగములు సెకనునకు 3 కోట్ల 45 లక్షల కంపనములు గలవి. వాని దైర్ఘ్యము సుమారు 8.7 మీటర్లు.

ఇంత విశాలమైన కన్నునకు చూపు ఎంత వాడిగా ఉండవలెను? పాఠకులు ఆశ్చర్యపడవచ్చును: మన కన్ను ఒక కళ ఎడముగల రెండు చుక్కలను విడదీయగలదు, గౌరీబిదనూరు దూరదర్శిని తూర్పు పడమరలుగా 26 కళలు, ఉత్తర దక్షిణములుగా నడినెత్తిన 42 కళలకంటె సన్నని వివరమును చూడజాలదు. చూపు వాడిమి తరంగదైర్ఘ్యమునకును కంటి వెడల్పునకును గల నిష్పత్తిపై ఆధారపడును. వెలుగు తరంగము మిల్లీమీటరులో రెండువేలవ వంతు. రేడియో తరంగము తొమ్మిది మీటర్లకు చేరువ. అందువలన కిలోమీటరు మించిన తీగలు పరచియు చంద్రబింబమంత తునకను మాత్రమే విడదీయగలిగిరి. ఎండ్రకాయ నీహారిక ఆరు కళలే గనుక ఇచట బిందువుగానే తోచును. డిగ్రీలకొలది పరచుకొన్న నీహారికలే ఈ యంత్రమునకు తగిన విషయములు.

కంటికి కనిపించిన పరిమాణమునుండి నిజ పరిమాణమును తీయుటయు ఒక లెక్కయే. మసక కన్నుతో చూచినపుడు వస్తువుయొక్క వెడల్పును, మసకయొక్క వెడల్పును వేరువేరుగా వర్గించి కూడి, వర్గమూలము తీసినచో తోచు వెడల్పు ఇంచుమించుగా వచ్చును. మిథునరాశిలోని ఐ.సి. 443 అను అవశేషము సుమారు 45 కళలు. దానిని ఈ దూరదర్శిని తూర్పు పడమరలుగా 52 కళలుగాను, ఉత్తర దక్షిణములుగా 62 కళలుగాను చూపవలెను. గుండ్రని వస్తువు కోలగా తోచుట వస్తువుయొక్క గుణము కాదు, కన్నుయొక్క దోషము. ఆ దోషము ఎంతయో తెలిసినవాడే నిజమును రాబట్టగలడు.

హెర్షెల్ మార్గముననే

1780వ దశకమున విలియం హెర్షెల్ ఇంగ్లండులో తన పెద్ద దూరదర్శినిని మధ్యాహ్నరేఖపై నిలిపి, ఆకాశమును తన యెదుట సాగనిచ్చెను. ఆయన కన్ను గొట్టమునకు అంటియుండగా సోదరి కెరోలిన్ గడియారమునెదుట కూర్చుండి కాలమును వ్రాసికొనుచుండెను. ఈ పద్ధతితో ఆ అన్నాచెల్లెండ్రు రెండువేల అయిదువందల నీహారికలను, నక్షత్ర గుచ్ఛములను జాబితాకెక్కించిరి. 1784 సెప్టెంబరులో హెర్షెల్ హంస మండలమున తెర నీహారికయొక్క పడమటి, తూర్పు ఖండములను కనుగొనెను. అవి రెండును ఒకే వలయమునకు చెందినవని ఆనాడు తెలియు మార్గము లేదు.

గౌరీబిదనూరు యంత్రమునందును అదియే పద్ధతి. వేయి తీగలను భూమినుండి పెకలించి త్రిప్పలేరు. తీగలనుండి వచ్చు తరంగములను తగిన ఆలస్యముతో కలిపి, చూపును మధ్యాహ్నరేఖమీద ఉత్తరమునకో దక్షిణమునకో వంచుదురు. తూర్పు పడమరల పని భూభ్రమణమే చూచుకొనును. తెర నీహారికయొక్క క్రాంతి ఉత్తరముగా 31 డిగ్రీలు. అచట ఆకాశము నిమిషమునకు సుమారు 13 కళలు జరుగును గనుక మూడు డిగ్రీల వలయము దాటిపోవుటకు సుమారు 14 నిమిషములు, అనగా 35 విఘటికలు పట్టును. ఆ పదునాలుగు నిమిషములలో గ్రాహకయంత్రమున సూచిక లేచి, దిగి, మరల లేచి వ్రాసిన గీతయే నీహారికయొక్క అడ్డుకోత. చూపును కొంచెము కొంచెముగా ఉత్తరమునకు జరుపుచు ఇట్టి కోతలను ప్రక్క ప్రక్కన పేర్చినచో పటము తయారగును.

సి. హెచ్. వి. శాస్త్రి, కె. ఎస్. ద్వారకానాథ్, ఆర్. కె. షెవ్‌గాంవ్‌కర్ గారలు ఇట్లు తెర నీహారికా వలయముయొక్క రేడియో స్వరూపమును 1981లో ప్రకటించిరి. 1982లో ఐ.సి. 443ను, బ్రహ్మహృదయ నక్షత్రముగల మండలములోని హెచ్.బి. 9 అను రెండు డిగ్రీల అవశేషమును పరిశీలించి ప్రకటించిరి. 'హెచ్.బి.' అనునది హాన్‌బరీ బ్రౌన్, హజార్డ్ అనువారి పట్టికకు గుర్తు. వీరిలో హాన్‌బరీ బ్రౌన్ 1916లో మన నీలగిరులలోని అరువంకాడులో జన్మించినవాడు. తరువాత ద్వారకానాథ్, ఎన్. ఉదయశంకర్ గారలు దక్షిణము 50 డిగ్రీలు మొదలు ఉత్తరము 70 డిగ్రీల వరకుగల సమస్తాకాశమును ఈ యంత్రముతో చిత్రించి 1990లో పటము వెలువరించిరి. ఇంత దీర్ఘతరంగములతో ఇంత విస్తారముగా ఆకాశమును చిత్రించిన కృషి లోకమున అరుదు.

ఈ తరంగములలో మరియొక వింత కలదు. నక్షత్రముల వేడిమికి వెలుగు వాయు నీహారికలు కంటికి ప్రకాశవంతములు. గౌరీబిదనూరు చూపునకు నల్లని మరకలుగా కనిపింపవచ్చును. ఆ వాయువు దీర్ఘతరంగములకు గోడవలె అడ్డుపడి, వెనుకనుండి వచ్చు పాలపుంత రేడియో వెలుగును మ్రింగివేయుటయే దీనికి కారణము. ఒకే వస్తువు ఒక కన్నునకు దీపము, మరియొక కన్నునకు నీడ.

ఊరిగాంతో సంబంధము

ఇంతకును ఊరిగాం ప్రజల కీ చరిత్రతో ఏమి పొత్తు? జిల్లా పేరు మాత్రమే కాదు. పేలిన నక్షత్రముల అవశేషములు రేడియో తరంగములను వెలువరించుటకు కారణము, వానిలో మహావేగమున సుళ్లు తిరుగు ఎలక్ట్రానులు. ఆ అవశేషములే విశ్వకిరణములకు ముఖ్య జన్మస్థానములని శాస్త్రజ్ఞుల విశ్వాసము. ఆ విశ్వకిరణములు భూవాతావరణమును తాకి పుట్టించిన కణములలో కొన్ని రాతిని దూసికొని మన గనులలోనికి దిగినవి. వానిని 1960వ దశకారంభమున ఇచటి సొరంగములలో వేరువేరు లోతులయందు లెక్కించిరి. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా నగర విశ్వవిద్యాలయము, డర్హాము విశ్వవిద్యాలయముల బృందము వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడను పట్టెను. ఆ గనిలో పనిచేసిన పి. వి. రమణమూర్తి, ఆర్నాల్డ్ వుల్ఫెండేల్ గారలు 1986లో గామాకిరణ ఖగోళశాస్త్రముపై ఒక గ్రంథమును రచించిరి. అనగా జిల్లాకు ఒక కొనను భూగర్భమున లెక్కించినదియు, మరియొక కొనను ఆకాశమున చిత్రించినదియు ఒకే కథలోని రెండు అధ్యాయములు. గని కూలీలు త్రవ్విన సొరంగము లేనిదే ఒక అధ్యాయము లేదు.

చివరగా ఒక విచారకరమైన సంగతి. 1902లో శివసముద్రపు జలవిద్యుత్తు 147 కిలోమీటర్ల తీగలమీదుగా ఈ గనులకు చేరినది. దేశములో చాలచోట్ల నూనెదీపములే దిక్కైన కాలమున ఇచట విద్యుద్దీపములు వెలిగినవి. అది మన గర్వకారణమే. కాని నేలమీద వెలుగు పెరిగినకొలది ఆకాశమున నీహారికల అంచులు లోనికి కుంచించుకొని పోవును. అంచు ఒక ఒడంబడిక యని పైన వ్రాసితిమి. ఊరి వెలుగు ఆ ఒడంబడికను మనకు తెలియకయే మార్చివేయుచున్నది. మన తాతలు చూచిన పుష్యమి మసకను నేడు పట్టణమున పెరుగు బిడ్డలు చూడలేకపోవుటకు నక్షత్రములు కారణము కావు. రేడియో విషయమునను ఇదియే గతి. యంత్రముల, తీగల నుండి రేగు విద్యుత్ సందడి పెరిగిన చోట ఆకాశపు సన్నని ధ్వని వినబడదు.

కనుక మన సంఘమువారు పిల్లలకు ఈ చరిత్రను చెప్పుటతో పాటు ఒక చిన్న ప్రయోగమును నేర్పుట మేలని తోచుచున్నది. పుష్య మాసమున అమావాస్యకు చేరువగానున్న రాత్రి, దీపములకు దూరముగా, ఒక చిన్న దూరదర్శినిని కదలకుండ నిలిపి, మృగశిర క్రింది మసకను దానిలోనికి తెచ్చి, ముందంచు మరుగైనది మొదలు వెనుకంచు మరుగగువరకు ఊపిరులు లెక్కింపుడు. ఒకరికి ఇరువది వచ్చును, మరియొకరికి నలుబది రావచ్చును. అరువదికి ఎన్ని తగ్గినవో చూచినచో మన ఆకాశము ఎంత మసకబారినదో తెలియును. ఆర్యభటుని మానమే ఇచటను మానము. దానికి వలసిన సాధనము ప్రతి మనుష్యుని రొమ్ములోను ఉన్నది.